నూరు దేనారాల బాకీ

నేను లెక్కల టీచర్ని. ముప్పైనాలుగేళ్లపాటు పిల్లలచేత కూడికలు, తీసివేతలు, చక్రవడ్డీలు చేయించి 2004లో రిటైరయ్యాను. ఇన్నేళ్లలోను నన్ను అన్నిటికంటె ఎక్కువ ఇబ్బంది పెట్టిన లెక్క ఏదని అడిగితే, అది ఏ పాఠ్యపుస్తకంలోను లేదు. బైబిల్లో ఉంది, మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉంది. చిన్నప్పటినుంచి కంఠతా వచ్చిన ఆ లెక్కకు జవాబు తెలియడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. అదైనా నేను రాబట్టిన జవాబు కాదు. సండేస్కూల్లో మూడో వరసలో కూర్చునే ఓ కుర్రవాడు అందించినది.

ఆ తొమ్మిదేళ్ల సంగతి గొప్పగా చెప్పుకోదగినది కాదు. అయినా చెబుతున్నాను. ఎందుకంటే, అన్నాచెల్లెళ్లకు మాటలు లేని ఇళ్లు మా క్రైస్తవుల్లోనే కాదు, అందరిలోను ఉన్నాయి. పండుగనాడు పంక్తిలో ఒక పీట ఖాళీగా ఉండిపోయే ఇల్లు మీ వీధిలో కూడా ఒకటి ఉండే ఉంటుంది.

పోస్టాఫీసు పుస్తకం

మా నాన్నగారు రేపల్లె తాలూకాలో ఒక పల్లెటూళ్లో మిషను బడి మాస్టారు. మాది లూథరన్ కుటుంబం. 1842 జులై 31న గుంటూరు వచ్చి బడులూ గుళ్లూ మొదలుపెట్టిన హయ్యర్ దొరగారిని మా పెద్దలు ‘ఫాదర్ హయ్యర్’ అనేవారు. ఆయన పేరు మా ఇంట్లో తాతగారి పేరులాగే వినిపించేది.

రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన. అందరం చాపమీద కూర్చునేవాళ్లం. నాన్నగారు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసి రాగం ఎత్తుకునేవారు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తన అయితే ఆయన గొంతు మరీ కరిగిపోయేది. తరువాత బైబిల్లో ఒక అధ్యాయం, ఆ తరువాత ప్రార్థన, ఆఖరున అందరం గొంతు కలిపి ప్రభువు నేర్పిన ప్రార్థన. ఇందులో ఏ ఒక్కటి తప్పినా అమ్మ అన్నం వడ్డించేది కాదు.

పల్లెటూరి బడిపంతులు జీతం ఎంతో మీకు చెప్పనక్కరలేదు. అందులోనే నాన్నగారు నెలనెలా రెండు రూపాయలో మూడు రూపాయలో పోస్టాఫీసు సేవింగ్సు పుస్తకంలో వేసేవారు. “ఇది అమ్మాయి ట్రైనింగుకి” అని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచారు. 1966 వేసవిలో విషజ్వరం వచ్చి ఆయన పోయేనాటికి ఆ పుస్తకంలో 1,400 రూపాయలున్నాయి. నాకప్పుడు ఇరవై ఏళ్లు. అన్నయ్య నాకంటె ఆరేళ్లు పెద్ద.

ఇంటికి పెద్దవాడు గనక పుస్తకం అన్నయ్య చేతికి వచ్చింది. జూన్ నెలాఖరున నాకు ట్రైనింగు సీటు వచ్చినట్టు కార్డు వచ్చింది. కార్డు పట్టుకుని పరుగెత్తుకుంటూ అన్నయ్య దగ్గరికి వెళ్లాను. అన్నయ్య చదివి, మడిచి, నా చేతికే ఇచ్చేశాడు. డబ్బు లేదు. అప్పటికి నెల రోజుల కిందటే అదంతా తీసి మిరపకాయల వ్యాపారంలో ఎవరితోనో భాగం కలిపాడు. ధర పడిపోయింది, భాగస్థుడు కనపడకుండా పోయాడు.

డబ్బు పోయినందుకు నేను అంత బాధపడలేదనుకుంటాను. ఆనాడు అన్నయ్య అన్న మాటే నా గుండెల్లో ముల్లులా దిగిపోయింది. “ఆడపిల్లవి, ఏ ఇంటికో వెళ్లేదానివి. నీకిప్పుడు ట్రైనింగు కాకపోతే ఏం కొంప మునిగింది?” అన్నాడు.

మరుసటి ఏడు అమ్మ తన కమ్మలు తాకట్టు పెట్టి నన్ను ట్రైనింగులో చేర్చింది. అన్నయ్య చీరాల వెళ్లి ఒక సైకిళ్ల షాపులో పనికి కుదిరాడు. నేను అన్నయ్యతో మాట్లాడడం మానేశాను. 1970లో నాకు ఉద్యోగం వచ్చింది. ఆ ఏడే పెళ్లయింది. తెనాలిలో కాపురం. అమ్మను నాతోనే తెచ్చుకున్నాను. నా పెళ్లికి అన్నయ్యను పిలవలేదు. పిలవమని అమ్మ రెండుసార్లు అన్నది, మూడోసారి అనలేదు.

1971లో ఒకరోజు అమ్మ పేరున ఒక కవరు వచ్చింది. అమ్మ బైబిలు అక్షరాలు చదవగలదు గాని చేతివ్రాత చదవలేదు. ఎవరి దగ్గరనుంచి ఉత్తరం వచ్చినా చదివి చెప్పేది నేనే. కవరుమీది దస్తూరి అన్నయ్యది. ‘మళ్లీ ఏదో డబ్బు అవసరం వచ్చి ఉంటుంది’ అనుకున్నాను. అమ్మ పెరట్లో ఉంది. నేను ఆ కవరు విప్పనైనా విప్పకుండా పొయ్యిలో పెట్టాను.

నెల తరువాత గుళ్లో ఎవరో చెప్పారు: అన్నయ్యకు ఉన్న ఒక్కగానొక్క ఆడపిల్ల, రెండేళ్లది, జబ్బుచేసి పోయిందని. అమ్మ ఆ మెట్లమీదనే కూలబడింది. “కనీసం ఒక ముక్క రాయలేదే నా కొడుకు” అని ఏడ్చింది. నేను అమ్మను పట్టుకుని ఇంటికి తీసుకువచ్చాను. లెక్కల టీచర్ని, ఆ రెండు తేదీలు మాత్రం కలిపి చూసుకోలేదు. చూసుకోదలుచుకోలేదు.

పదివేల తలాంతులు

మా గుళ్లో ప్రభురాత్రి భోజనానికి ముందు అందరం మోకరించి పాపాలు ఒప్పుకుంటాం. పాస్టరుగారు దేవుని పేరట క్షమాపణ ప్రకటిస్తారు. ఆ తరువాతనే రొట్టె, ద్రాక్షరసం. ఆ తొమ్మిదేళ్లలో నేను ఒక్కసారి కూడా మానలేదు. వాక్యాలన్నీ తడుముకోకుండా చెప్పేదాన్ని. నాలికకు అలవాటైనదానికి మనస్సుతో పనేముంది!

1975లో సండేస్కూలు పెద్ద పిల్లల తరగతి నాకు అప్పగించారు. ఒక ఆదివారం పాఠం, క్షమించని దాసుడి కథ. తెలియనివారికోసం క్లుప్తంగా చెబుతాను. ఒక రాజుకు ఒక దాసుడు పదివేల తలాంతులు బాకీ. తీర్చలేనని కాళ్లమీద పడితే రాజు మొత్తం బాకీ కొట్టివేశాడు. వాడు బయటికి వచ్చీరాగానే, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి గొంతు పట్టుకున్నాడు, చెరసాలలో వేయించాడు. రాజుకు తెలిసింది. ఆ తరువాత ఏమై ఉంటుందో మీరు ఊహించగలరు.

నేను నా విద్య చూపించుకోవాలనుకున్నాను. “దీన్ని లెక్క వేద్దాం” అని బోర్డు దగ్గరికి వెళ్లాను. దేనారం అంటే ఒక రోజు కూలి. ద్రాక్షతోట కూలీల కథలో అదే కూలి. తలాంతు అంటే సుమారు ఆరువేల దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి 365 రోజులు ఒక్క పూట సెలవు లేకుండా కష్టపడి, వచ్చిందంతా బాకీకే కట్టినా, తీరడానికి లక్షా అరవైనాలుగు వేల ఏళ్లు పడుతుంది. పిల్లలు నోళ్లు తెరిచారు. “మరి రెండోవాడి బాకీ? నూరు రోజుల కూలి. మూడు నెలల పదిరోజులు! చూశారా, ఎంత స్వల్పమో!” అన్నాను.

మూడో వరసలో ఒక కుర్రవాడు లేచాడు. వాళ్ల నాన్న రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు. “టీచరుగారూ, మూడు నెలల కూలి అంటే స్వల్పం ఎట్లా అవుతుందండీ? మా నాన్నకి పదిరోజులు కూలి రాకపోతేనే మేం పస్తులుంటాం. ఆ నూరు దేనారాలూ నిజంగా బాకీయేగదండీ?” అన్నాడు.

నేను సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

అంతవరకు ఆ కథ ఎప్పుడు విన్నా నాకు లోపల కోపం వచ్చేది. నా బాధను చిన్నది చేసి చూపిస్తున్నారనిపించేది. ‘అన్నయ్య చేసింది చిన్న తప్పు, దాన్ని మరిచిపో’ అని దేవుడు కూడా అన్నయ్య పక్షమే మాట్లాడుతున్నట్టుండేది. కాని ఆ కథ చెప్పిన ప్రభువు ఆ బాకీని పది దేనారాలు అనలేదు. ఒక్క దేనారం అనలేదు. నూరు అన్నాడు. బీదవాడి కడుపుకు తగిలే బాకీ అన్నాడు. నీకు జరిగిన నష్టం నష్టం కాదని ఆయన ఎక్కడా అనలేదు. నష్టమని తెలిసే, లెక్క చూసే, కొట్టివేయమన్నాడు. మొదటి లెక్క గుర్తున్నవాడికి అది సాధ్యమన్నాడు.

మత్తయి సువార్తలో ప్రభువు నేర్పిన ప్రార్థన చూడండి. గుళ్లో చెప్పేటప్పుడు మేము ‘అపరాధాలు’ అంటాంగాని, ఆ సువార్త తెలుగులో ఉన్న మాట ‘ఋణాలు’. మన బాకీ కొట్టివేయమని అడుగుతూ, మనకు బాకీ ఉన్నవాళ్లను మనం వదిలిపెట్టామని ఆ నోటితోనే చెబుతున్నాం. తొమ్మిదేళ్లుగా రోజూ రాత్రి భోజనానికి ముందు నేను దేవుడి ఎదుట అబద్ధపు రసీదు రాస్తూ వచ్చానన్నమాట.

రెండు చీటీలు

ఇంతైనా వెంటనే చీరాల బయలుదేరలేదు. దేవుడి చిత్తమేమిటో కనుక్కోవాలి గదా అనుకున్నాను! ఇది మా క్రైస్తవుల్లో చాలామందికి ఉన్న అలవాటే. చెయ్యక తప్పని పని ఎదురైనప్పుడు ‘ప్రార్థన చేసి చూస్తాను’ అంటాం. కొందరు కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెడతారు. ఎక్కడ వేలు పడితే అదే జవాబు. నేను రెండు చీటీలు రాశాను. ఒకదానిమీద ‘వెళ్లు’, ఒకదానిమీద ‘వద్దు’. మడిచి బైబిల్లో పెట్టి, ప్రార్థన చేసి, ఒకటి తీశాను. ‘వద్దు’ అని వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. అమ్మ చూడనే చూసింది.

“ఏమిటే అది?”

చెప్పాను. “అపొస్తలులు కూడా చీట్లు వేశారు గదమ్మా, మత్తీయను ఎన్నుకునేటప్పుడు!” అని సమర్థించుకున్నాను.

“వాళ్లు ఇద్దరు మంచివాళ్లలో ఒకణ్ణి ఎంచుకోవడానికి వేశారు. నువ్వు మంచికీ చెడ్డకీ మధ్య వేస్తున్నావు” అన్నది అమ్మ. “బలిపీఠం దగ్గర కానుక వదిలిపెట్టి ముందు సోదరుడితో సమాధానపడి రమ్మని ప్రభువు చెప్పే ఉన్నాడు గదమ్మా! చెప్పేసినదానికి మళ్లీ చీటీ ఎందుకు? నువ్వు అడిగింది దేవుణ్ణి కాదు, నీ కోపాన్ని.”

నేను మాట్లాడలేదు. కాసేపటికి అమ్మే అన్నది: “వెళితే వాడు ఏమంటాడో, ఏమవుతుందో అంతా ముందే తెలియాలని నీ ఆశ. పల్లెలో రాత్రిపూట గుడినుంచి లాంతరు పట్టుకుని వచ్చేవాళ్లం, గుర్తుందా? లాంతరు ఇల్లంత దూరం చూపించేదా? నాలుగడుగులు చూపించేది. ఆ నాలుగూ నడిస్తే ఇంకో నాలుగు కనబడేవి. అట్లాగే ఇంటికి చేరేవాళ్లం.”

దేవుని మాటను కీర్తనకారుడు దీపంతో పోల్చాడు. ఆనాటి దీపం అరచేతిలో పట్టే మట్టిప్రమిద. దాని వెలుగు పాదంవరకే. ఇప్పటి మోటారుకారు దీపంలాగ మైలు దూరం చూపించదు. ఆ సంగతి వ్యాఖ్యానగ్రంథాలు చదివినవారికంటె, చీకట్లో గట్లమీద నడిచిన మా అమ్మకే బాగా తెలుసు.

చీరాల ప్రయాణం

ఆ శనివారం పొద్దున్నే పాసింజరులో బయలుదేరాను. నిడుబ్రోలు దాటాక భయం పట్టుకుంది. బాపట్లలో దిగి వెనక్కి పోదామా అనుకున్నాను. దారిపొడుగునా ఏం మాట్లాడాలో వల్లెవేసుకున్నాను. ‘అన్నయ్యా, జరిగిందేదో జరిగింది. నిన్ను క్షమించాను’. ఈ వాక్యం ఎంత హుందాగా అనాలో కూడా అనుకున్నాను.

అన్నయ్య అప్పటికి సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాడు. ముందు సైకిళ్ల రిపేరు, వెనక గదిలో కాపురం. నన్ను చూసి చేతిలోని పానా కింద పెట్టాడు. జుట్టు సగం నెరిసింది. ముప్పైఅయిదేళ్లకే! వదిన గబగబా వచ్చి పీట వేసి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

“డబ్బుకోసం వచ్చావా? ఇప్పుడు నా దగ్గర లేదు” అన్నాడు అన్నయ్య.

“దానికోసం కాదు. నిన్ను క్షమించానని చెప్పడానికి వచ్చాను” అన్నాను.

అన్నయ్య ముఖం ఎర్రబడింది. “ఓహో, క్షమించడానికి వచ్చావా! చాలా గొప్పదానివి చెల్లాయ్. నేను చేసింది తప్పే. నాన్న సొమ్ము తగలబెట్టాను. నిన్ను అనరాని మాట అన్నాను. ఆ సంగతి తలుచుకోని రోజు లేదు. కాని నా బిడ్డ చావుబతుకుల్లో ఉంటే అమ్మను ఒక్కసారి తీసుకురమ్మని రాశాను గదా! నాలుగురోజులు రైలు రైలుకీ స్టేషనుకి వెళ్లి చూశాను. అది నాయనమ్మను చూడకుండానే పోయింది. ఇంత పగ ఎందుకు మీకు? నన్ను ఎవరు క్షమిస్తే ఏం, క్షమించకపోతే ఏం?”

గుమ్మం పక్కన వదిన కాఫీగ్లాసు పట్టుకుని నిలబడిపోయింది.

నాలుగేళ్లుగా కలిపి చూసుకోని రెండు తేదీలూ అప్పుడు కలిశాయి. అబద్ధం ఆడడానికి అవకాశం లేకపోలేదు. ఉత్తరం అందలేదంటే చాలు, పోస్టులో పోయిందనుకునేవాడు. ఆ మాట నా నాలికమీదికి కూడా వచ్చింది. దేవుని నడిపింపు అంటే ఆకాశంనుంచి స్వరం వినిపించడమని చాలామంది అనుకుంటారు. నాకు ఏ స్వరమూ వినిపించలేదు. చెప్పవలసిన నిజం ఎదుట ఉంది, అంతే. లాంతరు వెలుగులో ఒక్క అడుగే కనిపించింది.

“ఉత్తరం వచ్చింది అన్నయ్యా. అమ్మకు తెలియదు. చదవకుండా నేనే పొయ్యిలో పెట్టాను” అన్నాను.

ఆ తరువాత చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. షాపు ముందు ఎవరో వచ్చి బెల్లు కొట్టి, చూసి, వెళ్లిపోయారు. దారిలో వల్లెవేసుకున్న వాక్యాలు ఒక్కటీ పనికిరాలేదు. క్షమిస్తున్నానని చెప్పడానికి వెళ్లినదాన్ని క్షమించమని అడిగాను. అన్నయ్యను అడిగాను, వదినను అడిగాను. వదిన ఏడుస్తూనే “కాఫీ చల్లారిపోతుంది, తాగండి” అన్నది. అన్నయ్య “నాకు తెలియడంలేదు చెల్లాయ్. ఇప్పుడేమీ చెప్పలేను” అన్నాడు. అయినా సాయంత్రం నన్ను సైకిలుమీద స్టేషనుకు దిగబెట్టాడు. బండి కదిలేటప్పుడు కిటికీలోనుంచి నా చేతిలో రెండు అరటిపళ్లు పెట్టాడు.

అంతకంటె కష్టమైన పని ఇంటి దగ్గర మిగిలి ఉంది. ఆ రాత్రే అమ్మకు చెప్పాను. అమ్మ కళ్లు మూసుకుని అంతా విన్నది. ఒక్క మాట అనలేదు, ఏడవలేదు. ప్రార్థన వేళకు అలవాటుగా చాప పరిచింది. మా ఆయన అధ్యాయం చదివారు. ఆఖరున అందరం ప్రభువు ప్రార్థన మొదలుపెట్టాం. ఋణాల మాట దగ్గరికి వచ్చేసరికి అమ్మ గొంతు ఆగిపోయింది. మేమూ ఆగిపోయాం. గోడగడియారం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎంతసేపో చెప్పలేను. తరువాత అమ్మ ఒక్కతే ఆ మాట మొత్తం స్పష్టంగా అన్నది, మేము అందుకున్నాం. ప్రార్థన పూర్తయింది. అమ్మ లేచి నాకు అన్నం వడ్డించింది.

క్షమాపణ అంటే ఏమిటో నేను ఆ వడ్డనలో చూశాను. మరునాడు అమ్మను తీసుకుని చీరాల వెళ్లాను. తల్లీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను షాపు బయట బెంచీమీద కూర్చున్నాను.

డెబ్బై ఏళ్ల మారులు

ఒక్కసారి క్షమిస్తే గాయం మానిపోతుందనుకునేవారికి ఒక మాట. నాకు అట్లా జరగలేదు. సీనియారిటీ జాబితా వచ్చినప్పుడల్లా, ఒక ఏడాది వెనకబడినందుకు నా పేరు కిందికి పోయి కనిపించేది. పాత కోపం మళ్లీ లేచి కూర్చునేది. అప్పుడు మళ్లీ మొదటినుంచి కొట్టివేయాలి. పేతురుకు ప్రభువు చెప్పిన డెబ్బై ఏళ్ల మారులు, అంటే 490 సార్లు, 490 తప్పులకే అని నేను అనుకోను. ఒకే తప్పును అన్నిసార్లు క్షమించవలసి రావచ్చు.

హాలెండు దేశంలో హార్లెం పట్టణపు గడియారాలవారి అమ్మాయి కోరీ టెన్ బూమ్ కథ తరువాత చదివాను. యూదులను ఇంట్లో దాచినందుకు ఆ కుటుంబాన్ని 1944 ఫిబ్రవరి 28న నాజీలు పట్టుకున్నారు. ముసలి తండ్రి పదిరోజులకే చెరలో పోయాడు; అక్క బెట్సీ ఆ డిసెంబరులో రావెన్స్‌బ్రుక్ శిబిరంలో చనిపోయింది. 1947లో మ్యూనిక్‌లో కోరీ క్షమాపణను గురించి ప్రసంగించి దిగగానే, ఆ శిబిరంలో కాపలా కాసినవాడే వచ్చి చెయ్యి చాచాడు. అంతసేపు ప్రసంగించిన ఆమెకు చెయ్యి లేవలేదు. నావల్ల కాదు, నువ్వే ఇవ్వమని లోపల దేవుణ్ణి వేడుకుని, ముందు చెయ్యి మాత్రం చాచిందట. ప్రేమ ఆ తరువాత వచ్చిందట. నాకు ఇది ఎంతో ధైర్యమిచ్చింది. మనస్సు మారేదాకా ఆగనక్కరలేదు. ముందు చెయ్యి చాచవచ్చు.

మన దేశంలోనే 1999 జనవరి 22 రాత్రి ఒరిస్సాలోని మనోహరపూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌గారిని, పదేళ్ల ఫిలిప్‌నూ ఆరేళ్ల తిమోతినీ జీపులో సజీవంగా కాల్చివేశారు. ఆయన భార్య గ్లాడిస్‌గారు ఆ హంతకులను క్షమించానన్నారు. కూతురితోపాటు బారిపదాలోనే ఉండి కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. 2005లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఆమె క్షమించారుగదా అని న్యాయస్థానం తన పని ఆపలేదు; ఆపమని ఆమె కోరలేదు. క్షమాపణ వేరు, నేరానికి చట్టం వేసే శిక్ష వేరు.

ఈ తేడా మన ఇళ్లలో కూడా తెలియాలి. తాగివచ్చి కొట్టే భర్తను ‘క్షమించి కాపురం చేసుకో’ అని ఆడపిల్లకు బుద్ధి చెప్పే పెద్దలను నేను చూశాను. పగ వదిలిపెట్టమనడం వేరు, దెబ్బలకు వీపు అప్పగించమనడం వేరు. నా దగ్గరికి అట్లా వచ్చిన ఒకమ్మాయితో, “నీ మనస్సులో విషం ఉంచుకోకు, నీ ఒళ్లు మాత్రం కాపాడుకో. ముందు పుట్టింటికి వెళ్లు, తరువాత మాట్లాడదాం” అన్నాను.

ఇక దేవుని నడిపింపు సంగతి. ఫాదర్ హయ్యర్ చరిత్రలో నాకు నచ్చిన ఘట్టం ఒకటుంది. ఆయన ఇక్కడ చాలా ఏళ్లు పనిచేసి 1857లో అమెరికా వెళ్లిపోయారు. రాజమండ్రి మిషను చూసేవారు లేక వేరే సంఘానికి అప్పగించబోతున్నారని తెలిసి, 1869లో, డెబ్బైఆరేళ్ల వయస్సులో, మళ్లీ ఓడ ఎక్కారు. పని ఎదుట కనిపించింది, చెయ్యగలిగినంత చేశారు. నేను చూసినంతలో దేవుడు తరచుగా నడిపించే దారి ఇదే. చెయ్యవలసినది ఒకటి ఎదుట పెడతాడు. అది చెయ్యకుండా తరువాతిది చూపించమంటే చూపించడు.

మనియార్డరు

ఆ ఏడు క్రిస్మస్ ముందు నా పేరున చీరాలనుంచి మనియార్డరు వచ్చింది. పది రూపాయలు. కూపనుమీద ‘నాన్న పుస్తకం బాకీలో’ అని రాసి ఉంది. నాకు ఏడుపు వచ్చింది. “నేను కొట్టివేసిన బాకీ ఇది. తిప్పి పంపించేస్తాను” అన్నాను.

అమ్మ ఒప్పుకోలేదు. “తీసుకో. క్షమించడం నీ పని. తిరిగి ఇవ్వడం వాడి పని. జక్కయ్య నాలుగంతలు ఇస్తానంటే ప్రభువు వద్దన్నాడా? వాడి పని వాణ్ణి చేసుకోనీ” అన్నది.

సంతకం పెట్టి తీసుకున్నాను. అప్పటినుంచి వీలైనప్పుడల్లా పంపేవాడు. ఒక్కొక్కప్పుడు అయిదు, ఒక్కొక్కప్పుడు ఇరవై. నేను మాత్రం ఊరుకుంటానా? ఆ ఉత్తరం బాకీ నా లెక్కలో ఉంది. వాళ్లకు తరువాత పుట్టిన పిల్లవాడి చదువుకు నాకు తోచినంత పంపేదాన్ని. ఇద్దరి మనియార్డర్లూ రైల్లో ఎదురెదురుగా పోతుంటాయని మా ఆయన నవ్వేవారు. అమ్మ 1988లో పోయింది. అన్నయ్య 2009లో పోయాడు. పోయేముందు వారం రోజులు నేను చీరాలలోనే ఉన్నాను. ఆఖరురోజుల్లో ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని, “ఆనాడు చెప్పలేనన్నాను గదా చెల్లాయ్, ఎప్పుడో చెప్పేశాననుకో” అన్నాడు.

కూపన్లన్నీ అమ్మ బైబిల్లో దాచి ఉంచాను. మొన్న మనవరాలు చూసి, “అమ్మమ్మా, ఇవన్నీ కలిపితే 1,400 అయ్యాయా, ఎక్కువయ్యాయా?” అని అడిగింది. తెలియదన్నాను. లెక్కల టీచరువై ఉండి తెలియకపోవడమేమిటని నవ్వింది.

నిజమే, ఇంతవరకు నేను వాటిని కూడలేదు.